సైకిలు పందెం – విశ్రాంతి పాఠం

సైకిలు పందెమనగానే మిత్రులు "తొక్కితే సరి, అందులో శాస్త్రమేముంది?" అంటారు. నేనూ అలాగే అనుకొని దెబ్బతిన్నాను.

కొండదారుల సైకిలు పందెం 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో చేరింది. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో కలిసిన మా నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో రాళ్ళ డొంకలకు కొదవ లేదు. నిరుడు మొదటి పందేనికి ముందు వారమంతా రోజూ నందిగామ నుంచి జగ్గయ్యపేటకు పోయి వచ్చాను. పోను సుమారు 30 కిలోమీటర్లు, రాను అంతే. తీరా పందెం రోజున సగం దారిలోనే పిక్కలు పట్టేశాయి. చెట్టు కింద కూలబడి, దాటిపోయేవాళ్ళను చూస్తుంటే ఏడుపొక్కటే తక్కువ.

తప్పెక్కడ? శ్రమ కండరాన్ని అలసింపజేస్తుంది. బలం చేకూరేది విశ్రాంతిలోనే. కండరాల్లోని ఇంధనం గ్లైకోజెన్. అది బాగా ఖర్చయితే మళ్ళీ నిండటానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అదీ కడుపునిండా అన్నం తింటేనే.

ఇప్పుడు నా వారం ఇది: మంగళవారం డొంకల్లో నాలుగేసి నిమిషాలు, నాలుగుసార్లు, ఆయాసపడేంత వేగం. గురువారం తేలిక. ఆదివారం ఎండెక్కకముందే జగ్గయ్యపేట ప్రయాణం. మిగతా రోజులు సెలవు. పందేనికి ముందు రెండు వారాలు దూరం సగానికి తగ్గిస్తాను, వేగం తగ్గించను. వాన పడ్డ నల్లరేగడిలోకి మాత్రం దిగను. చక్రాలకు మట్టి కరుచుకుంటే సైకిలును మనమే మోయాలి!

వచ్చే నెలలో పందెం. గెలుపు సంగతి దేవుడెరుగు, ఈసారి చివరిదాకా తొక్కాలి. పరీక్షల ముందు రాత్రిళ్ళు జాగారం చేసే మిత్రులకూ నా మనవి ఇదే.