యానాం పెళ్ళిళ్ళు

పెళ్ళి ఇద్దరి మధ్య సంగతే అనిపిస్తుంది. కాని ఎవరు, ఎవరిని, ఏ వయసులో పెళ్ళాడాలో చాలావరకు వారి చుట్టూ ఉన్న సంఘమే నిర్ణయిస్తుంది. గోదావరి తీరంలోని యానాం చరిత్ర చూస్తే ఈ విషయం బోధపడుతుంది.

1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం చేశారు. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేయడం నేరమయింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. యానాం అప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. అక్కడ ఈ చట్టం చెల్లదు. అందుచేత చుట్టుపక్కల ఊళ్ళవారు పసిపిల్లలను వెంటబెట్టుకొని యానాం దారి పట్టారు. అక్కడ ఎన్ని పెళ్ళిళ్ళు జరిగేవంటే, ఆ ఊరికి కల్యాణపురమనే పేరు వచ్చింది.

ఆ తల్లిదండ్రులకు పిల్లల మీద ప్రేమ లేక కాదు. కూతురు రజస్వల కాకముందే పెళ్ళి చేయకపోతే తమను వెలివేస్తారని కొన్ని కులాలవారికి భయం. వెలిపడిన ఇంటిని శుభకార్యానికి పిలవరు, ఆ ఇంట భోజనం చేయరు, పురోహితుడు గడప తొక్కడు. మిగిలిన పిల్లలకు సంబంధాలు రావు. ఇక పెళ్ళికూతురి ఇష్టాయిష్టాలా? ఎనిమిదేళ్ళ పిల్లను అడిగేవారెవరు? అడిగినా ఆమె చెప్పేదేముంది?

చట్టం ఒప్పుకున్న పెళ్ళికి కూడా ఈ వెలి అడ్డు తగిలింది. వితంతువులు మళ్ళీ పెళ్ళాడవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. అయినా కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అంటే పాతికేళ్ళు పట్టింది! పెద్దలు ఊరుకోలేదు, పంతులుగారిని వెలివేశారు. వంటవారు, నీళ్ళు మోసేవారు రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి వంట చేశారు. ఆ ఇల్లాలి ఓర్పును గురించి మనం తక్కువగా చెప్పుకుంటాం.

1954లో యానాంలో ఫ్రెంచి పాలన ముగిసింది. ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. కులమతాలు వేరైనా, 21 ఏళ్ళు నిండిన యువకుడు, 18 నిండిన యువతి దీని ప్రకారం పెళ్ళి చేసుకోవచ్చు. పురోహితుడు అక్కరలేదు, కట్నం ఊసు లేదు. అయితే ముందుగా వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును కార్యాలయంలో అందరికీ కనబడేచోట అంటించి, 30 రోజులు ఆగాలని చట్టంలో ఉంది. ఇంటివారికి, కులపెద్దలకు కబురు అందడానికి ఆ నెల రోజులు చాలు.