తాళం గట్టిదే, తాళంచెవి లెక్క సరిగా ఉందా?

మనలాంటి సొసైటీల కంప్యూటర్లలో ఏముంటుంది? జకాత్ లెక్కలు, ఫీజు సాయం పొందిన పిల్లల జాబితా, నెలనెలా రేషన్ అందుకునే ఇళ్ల పేర్లు. మైపాడు నుంచి కువైట్ దాకా ఉన్న దాతలు నమ్మి ఇచ్చిన సొమ్ము ఒక అమానత్. గుట్టుగా సాయం తీసుకున్న ఇంటి పేరు అంతకన్నా పెద్ద అమానత్. అది బజారున పడితే తిరిగి దాచలేం.

ఇలాంటి వివరాలను ఎవరికీ అర్థం కాని రూపంలోకి మార్చి దాచవచ్చు. వాటిని తిరిగి చదవడానికి ‘కీ’ అనే రహస్య సంఖ్య కావాలి. మరి ఆ కీని ఎవరు కాపాడాలి? యంత్రంలో అన్ని ప్రోగ్రాములపై పెత్తనం చేసే భాగాన్ని కెర్నెల్ అంటారు. లినక్స్ కెర్నెల్‌లో 2004 నుంచి కీలను గుత్తులుగా భద్రపరిచే ఏర్పాటు ఉంది. మన ఆండ్రాయిడ్ ఫోన్లు నడిచేదీ లినక్స్ కెర్నెల్ మీదే.

ఒక్కో గుత్తిని ఎందరు వాడుతున్నారో కెర్నెల్ లెక్క పెట్టుకుంటుంది. లెక్క సున్నా అయితే ఆ చోటు ఖాళీ చేస్తుంది. 2016 జనవరిలో పర్సెప్షన్ పాయింట్ సంస్థ పరిశోధకులు ఇక్కడే ఒక లోపం బయటపెట్టారు. ఒక ప్రోగ్రాము తన దగ్గరున్న గుత్తినే మళ్లీ అడిగితే లెక్క పెరిగేది, తగ్గేది కాదు. అలా సుమారు 429 కోట్ల సార్లు అడిగితే, పాత స్కూటరు మీటరు చివరి అంకె దాటినట్టు, లెక్క సున్నాకు వచ్చేది. వాడుకలో ఉన్న చోటునే కెర్నెల్ ఖాళీ చేసేది. యంత్రంలో మామూలు ఖాతా ఉన్నవాడు కూడా ఆ చోట తన సరుకు పెట్టి, మొత్తం యంత్రాన్ని చేజిక్కించుకునే వీలుండేది. 2013లో వచ్చిన 3.8 వెర్షన్ నుంచీ ఈ లోపం ఉంది.

లెక్క తగ్గించే ఆదేశం చేర్చి దాన్ని సరిచేశారు. గరిష్ఠానికి చేరితే సున్నాకు తిరగకుండా అక్కడే ఆగిపోయే లెక్కింపు పద్ధతి 2017లో కెర్నెల్‌లోకి వచ్చింది.

ఇక్కడ తాళం ఎవరూ పగలగొట్టలేదు, తాళంచెవుల పద్దు తప్పింది. ఇలాంటి దిద్దుబాట్లు మన యంత్రానికి చేరేది అప్‌డేట్ల ద్వారానే. ఫోన్ అడిగినప్పుడు “తర్వాత చూద్దాం” అని తోసేయకండి. జమాఖర్చులు అడిగినట్టే, ఆఫీసు కంప్యూటర్‌కు చివరి అప్‌డేట్ ఎప్పుడు వేశారని కూడా అడగండి. అలా అడగడం అనుమానించడం కాదు, అమానత్‌ను కాపాడటం.