సురభి.. కుటుంబమే కంపెనీగా 140 ఏళ్లు

కడప జిల్లా చక్రాయపేట మండలంలోని ఒక చిన్న పల్లె పేరు తెలుగు నాటకానికి మారుపేరుగా నిలిచింది. 1885లో సురభి గ్రామంలో ప్రదర్శించిన 'కీచక వధ'తో మొదలైన నాటక సమాజం టాకీల హోరును, టెలివిజన్ తాకిడిని తట్టుకుని నేటికీ తెర ఎత్తుతోంది. తెలుగునాట ఎన్నో నాటక కంపెనీలు వెలిశాయి. పోషకుడు చేతులెత్తేయగానే కొన్ని, పేరున్న నటుడు సినిమాకు తరలిపోగానే మరికొన్ని మూతపడ్డాయి. సురభి మాత్రం మిగిలింది. అందుకు కారణం ఆ సమాజం నిర్మాణంలోనే ఉంది. నేడు దాని భవిష్యత్తుపై కమ్ముకున్న సందేహానికి కూడా ఆ నిర్మాణమే మూలం కావడం గమనార్హం.

తోలుబొమ్మల నుంచి రంగస్థలానికి..

సురభి కళాకారుల పూర్వీకులు మహారాష్ట్ర ప్రాంతం నుంచి వలస వచ్చినవారు. తోలుబొమ్మలాట వారి కులవృత్తి. ఊరూరా తిరుగుతూ రామాయణ, భారత కథలను బొమ్మలతో ఆడించి జీవనం సాగించేవారు. 19వ శతాబ్ది చివరి భాగంలో ధార్వాడ నాటక కంపెనీల పర్యటనలు తెలుగు ప్రాంతాలలో కొత్త ఉత్సాహాన్ని రేకెత్తించాయి. రంగు తెరలు, వేషధారణ, హార్మోనియం శ్రుతి కలగలసిన ఆ ప్రదర్శనలు జనాన్ని విశేషంగా ఆకర్షించాయి. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం విద్యార్థులతో నాటకం వేయించారు. బొమ్మలాట కళాకారులు సైతం కాలం మారుతున్న తీరును గ్రహించారు.

ఈ నేపథ్యంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో బొమ్మలకు బదులు మనుషులే పాత్రధారులై 'కీచక వధ' ప్రదర్శించారు. ఆ ప్రదర్శన సురభి గ్రామంలో జరిగినందున ఊరి పేరే సమాజానికి పేరైంది. అనంతర కాలంలో ఆ కుటుంబాల వారి పేర్ల ముందు కూడా 'సురభి' చేరి ఇంటి పేరులా స్థిరపడింది.

ఇల్లు పెరిగితే సమాజం పెరిగింది

సాధారణంగా నాటక కంపెనీకి ఒక యజమాని, జీతానికి కుదిరిన నటులు ఉంటారు. సురభిలో తల్లిదండ్రులు, బిడ్డలు, కోడళ్లు, అల్లుళ్లు అందరూ కళాకారులే. నెలల పసికందుగా తల్లి చేతుల్లో రంగస్థలం మీదకు వచ్చిన శిశువు కాస్త ఎదిగితే బాలకృష్ణుడో, ప్రహ్లాదుడో అవుతాడు. యవ్వనంలో నాయక పాత్రలు, వయసు మళ్లాక ముని వేషాలు, ఆ తరువాత తెర వెనుక బాధ్యతలు ఆ వ్యక్తికి దక్కుతాయి. సంభాషణలను బడిలో కూర్చుని నేర్చుకోనవసరం లేదు. రోజూ వింటూ పెరగడం వల్ల నాటకం మొత్తం పిల్లలకు కంఠస్థమవుతుంది.

దీనివల్ల వృత్తిపరంగా గొప్ప వెసులుబాటు కలిగింది. పేరున్న నటుడి పద్యాలపైనే ఆధారపడిన కాంట్రాక్టు నాటకంలో ఆ ఒక్కరు రాకపోతే ప్రదర్శన ఆగిపోతుంది. సురభిలో ఒకరు అస్వస్థులైతే మరొకరు వేషం కట్టగలరు. ఒక రంగంలో రాజుగా కనిపించిన వ్యక్తి మరో రంగంలో తెర తాడు పట్టుకుంటాడు. వంట ఉమ్మడిగా ఉండటం, రాబడిని కుటుంబాలే పంచుకోవడం వల్ల వసూళ్లు లేని రోజుల్లోనూ సమాజం చెదిరిపోలేదు.

కుటుంబాలు విస్తరించిన కొద్దీ కొత్త సమాజాలు ఏర్పడ్డాయి. ఒక దశలో 30కి పైగా సురభి సమాజాలు తెలుగు ప్రాంతాలలో పర్యటించేవి. ఒక ఊరిలో తాత్కాలిక నాటకశాల వేసుకుని వారాల తరబడి రోజుకొక నాటకం ప్రదర్శించడం, ఆదరణ తగ్గగానే సామగ్రితో మరో ఊరికి తరలిపోవడం వారి జీవన విధానం.

స్త్రీ పాత్రకు స్త్రీయే

కులీన కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కడం నిషిద్ధమని సమాజం భావించిన రోజులవి. స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. సత్యభామ, మధురవాణి వంటి పాత్రలలో స్థానం నరసింహారావు సాధించిన కీర్తి ఆ సంప్రదాయానికి పరాకాష్ఠ. సురభిలో మాత్రం ఇంటి ఆడపడుచులు, కోడళ్లే స్త్రీ పాత్రలు ధరించారు. తోలుబొమ్మలాటలో స్త్రీ పాత్రల మాటలు, పాటలు ఆ ఇంటి ఆడవారే పలికే ఆనవాయితీ ఉంది. తెర వెనుక వినిపించిన ఆ గొంతులు తెర ముందుకు రావడానికి ఈ ఆనవాయితీ తోడ్పడింది.

తెలుగు సినిమాకు ఇది అనుకోని వరమైంది. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో రూపొంది 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి పాత్ర ధరించిన సురభి కమలాబాయి ఈ కుటుంబానికి చెందిన నటి. తొలి తెలుగు కథానాయికను వెండితెరకు అందించిన ఘనత ఆ విధంగా సురభికి దక్కింది.

తాళ్లు, తీగలు, తెరలు

సురభి నాటకం అనగానే ప్రేక్షకులకు ముందుగా స్ఫురించేవి మాయలు. నారదుడు ఆకాశం నుంచి దిగి వస్తాడు. ఇరుపక్షాల నుంచి వెలువడిన బాణాలు గాలిలో ఢీకొని నిప్పురవ్వలు రాలుస్తాయి. 'మాయాబజార్'లో ఘటోత్కచుడి నోటిలోకి లడ్డూలు వాటంతటవే ఎగిరివస్తాయి. 'పాతాళ భైరవి', 'శ్రీకృష్ణ లీలలు', 'బాలనాగమ్మ' వంటి ప్రదర్శనలు కూడా ఇటువంటి అద్భుతాలకు ప్రసిద్ధి.

వీటి వెనుక ఉన్న సాధనాలు అతి సామాన్యమైనవి. చిత్రించిన తెరలను ఒకదాని వెనుక ఒకటిగా వేలాడదీస్తారు. ఒక తెర పైకి చుట్టుకోగానే అడవి అంతఃపురమవుతుంది. ముందు తెర వద్ద చిన్న సన్నివేశం నడుస్తుండగానే వెనుక పెద్ద రంగం సిద్ధమవుతుంది. కంటికి కనిపించని సన్నని తీగలపై బాణాలు పరుగెడతాయి. పాత్రధారులను పైకి లేపేది, కిందికి దించేది పక్కన నిలిచిన మనుషుల చేతుల్లోని తాళ్లే. నటుడి మాట, హార్మోనియం స్వరం, తాడు లాగే చేయి, దీపం వెలుగు ఒకే క్షణంలో కలిస్తేనే మాయ పండుతుంది. క్షణం తడబడినా ప్రేక్షకులు నవ్వుతారు. కాబట్టి ఇది పుస్తకం చదివి పట్టుబడే విద్య కాదు. ఏళ్ల తరబడి పక్కన నిలబడి, చేత్తో చేసి నేర్చుకోవలసినది.

టాకీల దెబ్బ.. కారంత్ శిక్షణ

టాకీలు పల్లెలకు చేరడంతో నాటకశాలలు వెలవెలబోయాయి. నాటకాలలోని మాయలనే సినిమా మరింత చౌకగా, మరింత భారీగా చూపించింది. అనంతరం టెలివిజన్ ఇళ్లలోకి వచ్చింది. మైదానం అద్దె, విద్యుత్తు, రవాణా ఖర్చులు పెరిగాయి. సమాజాలు ఒక్కొక్కటిగా మూతపడగా గత శతాబ్ది చివరి నాటికి చేతివేళ్లపై లెక్కించదగినవే మిగిలాయి. వాటిలో 1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ప్రముఖమైనది.

1990లలో ప్రసిద్ధ రంగస్థల దర్శకుడు బి.వి.కారంత్ సురభి కళాకారులకు శిక్షణ ఇచ్చి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' నాటకాలను రూపొందించారు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రచన ఆధారంగా తయారైన 'బస్తీ దేవత యాదమ్మ' పౌరాణికాలకే పరిమితమైన సమాజంగా సురభిపై ఉన్న ముద్రను చెరిపివేసింది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వం హైదరాబాద్ శివారు లింగంపల్లి ప్రాంతంలో స్థలం కేటాయించడంతో సంచార కుటుంబాలకు స్థిరనివాసం ఏర్పడింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళా తోరణంలో జరిగిన ప్రదర్శనలు నగర ప్రేక్షకులను సురభికి చేరువ చేశాయి. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలికి సారథ్యం వహించిన రేకందార్ నాగేశ్వరరావు (సురభి బాబ్జీ)ని కేంద్ర ప్రభుత్వం 2013లో పద్మశ్రీతో సత్కరించింది.

స్థిరపడితే దక్కేదేమిటి? పోయేదేమిటి?

స్థిరనివాసం వల్ల పిల్లలకు చదువు అందింది. చదువుకున్న పిల్లలు ఉద్యోగాలవైపు చూడటం సహజం. కళ కోసం వారిని బడికి దూరంగా ఉంచాలని ఎవరూ కోరలేరు. అయితే సురభి బలమంతా ఇంట్లో పుట్టిన బిడ్డ రంగస్థలంపై పెరగడంలోనే ఉంది. ఆ గొలుసు తెగితే జీతానికి తెచ్చిన నటులు సంభాషణలు చెప్పగలరేమో గానీ, తీగపై బాణాన్ని సరైన క్షణంలో వదిలే నేర్పు ఒక్కరోజులో అలవడదు. 2020లో కరోనా వల్ల నాటకశాలలు మూతపడినప్పుడు టికెట్టు రాబడిపై బతికే సమాజానికి ఎంతటి అభద్రత ఉంటుందో తేటతెల్లమైంది.

సన్మానాలు, బిరుదులు గౌరవం పెంచుతాయే తప్ప తెరల మరమ్మతుకు, లారీ కిరాయికి అక్కరకు రావు. ఏడాది పొడవునా ప్రదర్శనలకు వేదిక, చదువు మానకుండా నాటకం నేర్చుకునే పిల్లలకు ప్రోత్సాహక వేతనం, పెద్దలకు తెలిసిన రంగాలంకరణ మెలకువలను దృశ్యరూపంలో భద్రపరచడం వంటి చర్యలే ఆ విద్యను తరువాతి తరానికి చేర్చగలవు. నాటకాన్ని ఇంటి వారసత్వంగానే కాక నేర్వదలచిన ప్రతి ఒక్కరికీ అందే విద్యగా మలచగలిగితే, కుటుంబాలు మారినా సురభి నిలుస్తుంది.