వేలిముద్ర పడకపోతే తప్పెవరిది?

రేషన్ డిపోలో ఈ-పోస్ యంత్రం మీద వేలు పెడతాం. కాసేపటికి ఔననో కాదనో జవాబు వస్తుంది. తాళానికి చెవి పట్టిందా లేదా అన్నంత ఖాయంగా కనిపిస్తుంది ఆ జవాబు. లోపల జరిగేది మాత్రం వేరు. వేలికొస మీది గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ రెండుగా చీలాయి అని చూసి యంత్రం ఆ చోట్లను అంకెలుగా మారుస్తుంది. ఆధార్ నమోదు చేయించుకున్న రోజున ఇచ్చిన ముద్రతో వాటిని పోల్చి చూస్తారు. ఒకే వేలు ఇచ్చిన రెండు ముద్రలు కూడా పూర్తిగా ఒకేలా ఉండవు. ఒకసారి గట్టిగా నొక్కుతాం, ఒకసారి పక్కకు వాలుస్తాం, చెమట పడుతుంది, చర్మం సాగుతుంది. అందుకే పోలిక ఎంత ఉందన్న ఒక మార్కు మాత్రమే చేతికి వస్తుంది. ఎన్ని మార్కులు దాటితే ఔననాలో ఎవరో ముందే హద్దు గీసి పెడతారు.

ఆ హద్దును పైకి జరిపితే ఒకరి పేరుతో ఇంకొకరు సరుకులు పట్టుకుపోవడం తగ్గుతుంది, అసలు మనిషి వెనక్కి తిరగడం పెరుగుతుంది. కిందికి దింపితే అసలు మనిషికి ఇబ్బంది ఉండదు, దొంగకూ ఉండదు. అదే యంత్రం, అదే వేలు ఉన్నంతవరకు రెండు తప్పులనూ ఒకేసారి తగ్గించడం సాధ్యం కాదు. భద్రతకూ పౌరహక్కులకూ మధ్య వాదం కోర్టుల్లోనూ పార్లమెంటులోనూ మాత్రమే జరుగుతుందనుకుంటాం. ఈ హద్దు గీసినప్పుడే అందులో కొంత తేలిపోతోంది, మనల్ని ఎవరూ అడగకుండానే.

తిరిగి వెళ్లేవాళ్లు ఎవరన్నది గమనించాలి. సిమెంటు, సున్నం కలిపే చేతులు, రాళ్లు కొట్టే చేతులు, వయసుతో చర్మం పలచబడి గీతలు అరిగిపోయిన చేతులు. అంటే రేషన్, పింఛను ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లవే. 2016–17 కేంద్ర ఆర్థిక సర్వే కొన్ని చోట్ల ధ్రువీకరణ విఫలమైన లెక్కలు ఇచ్చింది. మన కృష్ణా జిల్లాలో 5 శాతం, గుజరాత్‌లో 6, రాజస్థాన్‌లో 37, జార్ఖండ్‌లో 49. ఒకే సాంకేతికతకు ఇంత తేడా వచ్చిందంటే ఫలితం వేలిగీతల మీదే ఆధారపడి లేదని అర్థం. సిగ్నల్, యంత్రం, నమోదులో జరిగిన పొరపాట్లు, డీలరు ఓపిక అన్నీ కలిస్తేనే ఆ ఔను వస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది ఒకరిని ఒకరితో పోల్చడం. ఒక ముద్రను దేశమంతటిలో వెతకడం ఇంకో రకం పని, దాని లెక్కలే వేరు. ఆధార్ సంస్థ యూఐడీఏఐ 2012లో ఒక నివేదిక విడుదల చేసింది. అప్పటికి దాని దగ్గర 8.4 కోట్ల మంది వివరాలున్నాయి. కొత్తగా నమోదైన మనిషిని 'ఇతను ముందే ఉన్నాడు' అని పొరపాటుగా చూపే అవకాశం 0.057 శాతం అని లెక్క తేలింది. అంటే లక్షకు 57 మంది. వినడానికి చిన్న సంఖ్యే. రేటు పెరగకుండా అలాగే ఉందనుకున్నా, 100 కోట్ల మందికి వచ్చేసరికి అది 5.7 లక్షలవుతుంది. పైగా ఇది పది వేళ్లు, రెండు కనుపాపలు శుభ్రంగా తీసుకుని పోల్చినప్పటి మాట. నేరం జరిగిన చోట తలుపు గొళ్లెం మీద దొరికే సగం చెరిగిన ఒక్క వేలిముద్రకు ఆ భరోసా కూడా ఉండదు.

అలాంటి ముద్రను ఆధార్‌లో వెతకవచ్చా అన్న ప్రశ్న నిజంగానే ఎదురైంది. గోవాలో ఒక నేర పరిశోధనలో సీబీఐకి ఆధార్ వేలిముద్రలు ఇవ్వాలని కోర్టు ఆదేశించినప్పుడు అడ్డుచెప్పింది యూఐడీఏఐయే. తమ వ్యవస్థ నేరస్థుల వేటకు కట్టింది కాదని, అలా వెతికితే ఏ పాపం ఎరుగని వాళ్ల పేర్లు బయటికి వస్తాయని వాదించింది. మనిషి అనుమతి లేకుండా వివరాలు ఇవ్వరాదని 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. వ్యవస్థను కట్టినవాళ్లే దాని పరిమితిని కోర్టులో ఒప్పుకున్న ఆ సందర్భం ప్రతి పోలీసు అకాడమీలో పాఠంగా చెప్పదగింది.

దేశ భద్రత మాటేమిటి? కార్గిల్ యుద్ధం తర్వాత 2001లో కేంద్ర మంత్రుల బృందం దేశ పౌరులకు బహుళ ప్రయోజన గుర్తింపు కార్డులు ఇవ్వాలని సిఫారసు చేసింది. 2008 నవంబరులో ముంబయి మీద దాడి చేసినవాళ్ల దగ్గర హైదరాబాద్ కాలేజీ పేరుతో నకిలీ గుర్తింపు కార్డులు దొరికాయి. నకిలీ చేయలేని కార్డు కావాలన్న వాదనకు అది బలమైన ఆధారమే, కాదనలేం. అయితే వాళ్లు సముద్రం మీదుగా వచ్చారు, దారిలో కార్డు చూపమన్నవాళ్లు లేరు. స్పెయిన్‌లో కార్డు తప్పనిసరి, అయినా 2004లో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాయి. మనిషి పేరు చెప్పగలిగిన కార్డు అతని మనసులో ఉన్నది చెప్పలేదు.

కార్డు నిజంగా పనికొచ్చింది ఇంకోచోట. 2010–12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని మండలాల్లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో ఇచ్చి, ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అధ్యయనం చేశారు. కూలి సొమ్ములో మధ్యలో మాయమయ్యేది 41 శాతం తగ్గింది, డబ్బు త్వరగా అందింది. ఇదే పరిశోధకులు జార్ఖండ్ రేషన్‌లో ఆధార్ ధ్రువీకరణను పరిశీలిస్తే, తొలి దశలో దొంగతనం తగ్గినట్టు కనిపించలేదు. కార్డుకు ఆధార్ జతకాని కుటుంబాలకు అందే సరుకు విలువ మాత్రం సుమారు 10 శాతం పడిపోయింది. మన దగ్గర కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో డబ్బు ఇవ్వడం మానలేదు. అక్కడ ధ్రువీకరణను తప్పనిసరి చేశారు. సాంకేతికత కన్నా ఈ తేడాయే ముఖ్యమని నా అభిప్రాయం.

కార్డు పని మెల్లగా పెరగడం ఇంకో ప్రమాదం. బ్రిటన్‌లో 1939లో యుద్ధం కోసం ఇచ్చిన గుర్తింపు కార్డుకు మూడే ప్రయోజనాలుండేవి, 1950 నాటికి అవి 39 అయ్యాయి. ఆ ఏడాది డిసెంబరులో కార్డు చూపమన్న పోలీసుకు చూపనని చెప్పిన ఒక సామాన్యుడి కేసు హైకోర్టుకెక్కింది. 1952 ఫిబ్రవరిలో ప్రభుత్వం కార్డులను రద్దు చేసింది.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. 2018 సెప్టెంబరు 26న అయిదుగురి ధర్మాసనం ఆధార్‌ను ఉంచుతూనే సిమ్ కార్డులకు, బ్యాంకు ఖాతాలకు తప్పనిసరి చేయడాన్ని కొట్టేసింది. ధ్రువీకరణ రికార్డులను 5 ఏళ్లు దాచే నిబంధన పోయి 6 నెలల గడువు వచ్చింది. నన్నడిగితే తీర్పులో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. మనం ఎందుకు వేలు పెట్టామన్నది ఆధార్ సంస్థ నమోదు చేయకూడదని చట్టమే చెబుతోంది. కానీ ఏ సంస్థ, ఏ రోజు, ఏ గంటకు అడిగిందన్న చిట్టా ఏళ్ల తరబడి పోగుపడితే ఆ మనిషి బతుకంతా అందులో కనిపిస్తుంది. దేశ భద్రత పేరుతో సమాచారం అడిగే అధికారం సంయుక్త కార్యదర్శికి ఉండగా, అంతకన్నా పెద్ద అధికారి ఉండాలని, న్యాయాధికారి కూడా తోడుండాలని కోర్టు సూచించింది. 2019 సవరణలో అధికారి హోదా కార్యదర్శికి పెరిగింది, న్యాయాధికారి ప్రస్తావన మాత్రం చట్టంలో చేరలేదు. ఆ లోటు పూడ్చాల్సిందే.

ధ్రువీకరణ విఫలమైందన్న కారణంతో అర్హుడికి సరుకు, పింఛను ఆపరాదని కూడా 2018 తీర్పులో ఉంది. మీ ఇంట్లో, మీ వీధిలో పెద్దవాళ్లకు వేలిముద్ర పడలేదని తిప్పి పంపితే కనుపాపతోనో, ఓటీపీతోనో, వేరే కాగితంతోనో గుర్తించి ఇవ్వమని గట్టిగా అడగండి. మీ ఆధార్‌ను గత 6 నెలల్లో ఎవరెప్పుడు వాడారో యూఐడీఏఐ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. అవసరం లేనప్పుడు బయోమెట్రిక్‌ను లాక్ చేసి ఉంచుకోవచ్చు. రెండూ ఉచితమే.