బాగే ఆమ్

ఎచ్చెర్లకూ, హైదరాబాదులోని ఒక తోటకూ సంబంధమేమిటని విద్యార్థులు అడుగవచ్చును. ఎచ్చెర్ల నియోజకవర్గం నుండి ఎన్నికైన కావలి ప్రతిభాభారతి 1999లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా స్పీకరు అయినారు. 2004 వరకు ఆమె సభను నడిపినది ఆ తోట ఆవరణలోని భవనంలోనే.

తోట పేరు బాగే ఆమ్. ఉర్దూలో 'బాగ్' అనగా తోట. 'ఆమ్' అనగా సర్వజన సామాన్యము. నాంపల్లి రైలుస్టేషను చేరువలో నిజాముల కాలంలో వెలసిన ఈ తోటనే పబ్లిక్ గార్డెన్స్ అంటారు. రాజుల ఉద్యానాలు సాధారణంగా ప్రాకారాల మాటున ఉండేవి. ఈ తోట మాత్రం తన పేరులోనే ప్రజలను ఆహ్వానించినది.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ జన్మదిన స్మారకంగా పురజనులు విరాళాలు పోగుచేసి, 1905లో ఇక్కడ టౌన్‌హాలుకు పునాది వేయించినారు. 1913లో అది పూర్తి అయినది. పారశీక, రాజస్థానీ రీతులు కలసిన ఆ తెల్లని గుమ్మటాల సౌధమే తరువాత శాసనసభ అయినది. 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెలగపూడికి తరలినది. ఈ సౌధం తెలంగాణ శాసనసభకు మిగిలినది.

ఒక భవనంతో ఆగలేదు. ఈజిప్టు మమ్మీని భద్రపరచిన పురావస్తు ప్రదర్శనశాల, జూబిలీ హాలు, బాలభవన్, లలితకళాతోరణం ఒకదాని వెంట ఒకటి ఇక్కడనే వెలసినవి. ఒకప్పుడు జంతుప్రదర్శనశాల కూడ ఇక్కడనే ఉండేది. 1963లో మీరాలం చెరువు ప్రక్కన విశాలమైన జూ ఏర్పడగా, జంతువులు అక్కడకు చేరినవి. జంతువులకు వేరే చోటు దొరికినది. చెట్లకు మాత్రం దొరకదు.

ఈ భవనాలలో నిష్ప్రయోజనమైనది ఒక్కటీ లేదు. చిక్కు అంతా అక్కడనే ఉన్నది. ప్రతి కట్టడమూ ప్రజల పేరనే వచ్చినది. వచ్చిన ప్రతిసారీ ప్రజలు నడిచే నేల కొంత తరిగినది. విరాళాలతో లేచిన సౌధం చుట్టూ నేడు కాపలా ఉన్నది. అయినను మిగిలిన చెట్లనీడకు ప్రాతఃకాలంలో నడకకు వచ్చువారు, సెలవునాడు బిడ్డలతో వచ్చువారు ఆ పాతపేరును నిలుపుచునే ఉన్నారు.

2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వెలసిన ఎచ్చెర్ల జాతీయ రహదారి ప్రక్కన పెరుగుచున్న ఊరు. ఇటువంటి ఊళ్లకు బాగే ఆమ్ చెప్పు పాఠం ఒక్కటే: భవనానికి స్థలం ఎప్పుడైనను వెదకవచ్చును, తోటకు కావలసిన నేలను మాత్రం ముందే విడిచి ఉంచవలెను.