ఆపరేషన్ అయ్యాక కండరాలు మళ్లీ ఎలా కదులుతాయి?

ఆపరేషన్ సమయంలో కండరాలు కదలకుండా రోకురోనియం అనే మందు ఇస్తారు. పని పూర్తయ్యాక దాని ప్రభావం పోవాలి కదా? అందుకు రక్తంలోనే దాన్ని పట్టి బంధించే అణువు ఒకటి ఉంది. పేరు సుగామాడెక్స్.

దీన్ని ఎలా రూపొందించారు?
పిండిపదార్థం నుంచి వచ్చే గామా సైక్లోడెక్స్‌ట్రిన్‌తో మొదలుపెట్టారు. 8 గ్లూకోజ్ ముక్కలు వలయంగా కలిసి, అడుగు లేని గిన్నెలా ఉంటాయి. బయటివైపు నీటితో కలుస్తుంది, లోపలివైపుకు నీరంటే అంతగా పడదు. రోకురోనియంలోని స్టెరాయిడ్ భాగానిదీ అదే తీరు. అందుకే నీటిని వదిలి లోపలికి దూరుతుంది.

మరి మార్పులెందుకు?
లోతు చాలలేదు. అంచుకు 8 గొలుసులు చేర్చి పెంచారు. వాటి చివర్లలో రుణావేశం ఉంటుంది. అవి ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో నోరు తెరిచే ఉంటుంది. రోకురోనియంలోని ధనావేశాన్ని లాగి పట్టుకుంటాయి. అణువు నీటిలో బాగా కరగడానికీ ఈ ఆవేశాలే తోడ్పడతాయి.

తర్వాత ఏమవుతుంది?
రక్తంలో విడిగా ఉన్న మందు తగ్గగానే, నరాలూ కండరాలూ కలిసేచోట ఉన్నదీ రక్తంలోకి వచ్చేస్తుంది. అదీ చిక్కుకుంటుంది. జంటగా మూత్రంలో బయటికి పోతాయి. సుగామాడెక్స్‌కు ఐరోపాలో 2008లో, అమెరికాలో 2015లో అనుమతి లభించింది.