పొగ లేని ఇంట్లో గంట

నిప్పు లేనిదే పొగ రాదంటారు. మరి పొగ లేకుండానే గంట మోగితే ఏమనాలి?

మా నిర్మల్‌లో ఇళ్ళకు పొగ గంటలు ఎక్కడోగాని కనబడవు. తాలింపు మాడిందంటే అరుగు మీద కూర్చున్న అవ్వ దగ్గే మనకు గంట. అమెరికాలో అలా కాదు. పడకగదుల కప్పుకు చిన్న పళ్ళెమంత పెట్టె బిగించి ఉంటుంది. పొగ సోకిందా, చెవులు చిల్లులు పడేలా కూస్తుంది.

అక్కడ కాపురముంటున్న మా మేనల్లుడు ఒకనాడు ఫోనులో వాపోయాడు. "మామా, నాలుగు రాత్రులైంది నిద్ర లేక. ఇంట్లో పొగ లేదు, మంట లేదు. అన్ని గదుల్లోనూ ఒక్కసారే కూతలు! పిల్ల జడుసుకుంటున్నది. రేపు అన్నీ ఊడబీకి మూల పడేస్తా" అన్నాడు. పక్కింటి పెరట్లో ఎత్తైన స్తంభమూ తీగలూ ఉన్నాయనీ, ఆ పెద్దాయన రాత్రిళ్ళు రేడియోలో ఎవరెవరితోనో మాట్లాడుతుంటాడనీ మాటల్లో బయటపడింది. అంటే ఆయన 'హామ్'. లాభాపేక్ష లేకుండా, లైసెన్సు పొంది, సొంత రేడియోతో దేశదేశాల వారితో మాట్లాడే ఔత్సాహికుడన్నమాట.

నేను తెలుగు చెప్పుకొనే వాణ్ణి. మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుణ్ణి అడిగితే సంగతి విడమరచి చెప్పాడు.

పొగ గంటలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకదానిలో అమెరీషియం-241 అనే పదార్థం అణుమాత్రం ఉంటుంది. దానివల్ల గాలిలో అతి స్వల్పమైన విద్యుత్తు ప్రవహిస్తుంటుంది. పొగ చొరబడితే ఆ ప్రవాహం తగ్గి గంట మోగుతుంది. రెండోదానిలో పొగ రేణువులు కాంతిని చెదరగొడతాయి. ఆ చెదిరిన వెలుగు సెన్సారు మీద పడి గంట మోగుతుంది. రెండింటిలోనూ పొగను తెలిపే సంకేతం బహు బలహీనం. హామ్ వాడే 14 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 21 మీటర్లు. అందులో నాలుగో వంతు, అనగా 5 మీటర్ల చిల్లర ఉన్న తీగ దానికి చక్కని ఏరియల్ అవుతుంది. ఒక గది గంటనుండి మరో గది గంటకు పోయే తీగ ఇంచుమించు అంతే గదా! ఆ తీగ పట్టిన రేడియో శక్తి లోపలి సర్క్యూట్‌లో చేరి, పొగ వచ్చినట్టే భ్రమ కలిగిస్తుంది. ఒకటి కూస్తే అన్నీ కూసేలా కలిపి ఉంటాయి గనుక ఇల్లంతా గగ్గోలు. మా చిన్నప్పుడు పక్కింట్లో మిక్సీ తిప్పితే మా దూరదర్శన్ తెర మీద చుక్కలు పడేవి. ఇదీ ఆ కోవలోదే.

అయితే ఆ పెద్దాయన్ను రేడియో కట్టెయ్యమనవచ్చునా? 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో టెలిఫోన్లు మూగబోయాయి. అప్పుడు అక్కడే ఉన్న భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్ నుండి హామ్ రేడియో ద్వారా క్షేమ సమాచారాలు అందజేసింది. వారి యాత్ర వెనుక ఉన్నది మన హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థే.

పోనీ, గంట ఊడబీకవచ్చునా? అది మరీ ప్రమాదం. అమెరికాలో ఇళ్ళ అగ్నిప్రమాదాల్లో చనిపోయేవారిలో ప్రతి 5 మందికి సుమారు 3గురు పొగ గంట లేని, లేదా ఉన్నా పనిచేయని ఇళ్ళవారేనని అక్కడి అగ్నినిరోధక సంఘం లెక్క.

"ముందు ఆయన తలుపు తట్టు. గంట మోగిన వేళలు రాసి చూపించు" అన్నాను. చూపించాడు. ఆయన నొచ్చుకోలేదు సరిగదా, తన డైరీ తీసి సరిచూశాడు. వేళలు కలిశాయి. ఆయన ఏరియల్‌ను ఇంటికి దూరంగా జరిపాడు, పవరు తగ్గించాడు. గంటల వెనుక తేదీ చూస్తే పదేళ్ళు దాటాయి. అంత పాతబడితే ఎలాగూ మార్చవలసిందే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కొత్తవి పెట్టించి, తీగలకు ఫెర్రైట్ ముక్కలు తొడిగించారు. రేడియో తరంగాలను అడ్డగించే నల్లని పూసలవి. కూతలు ఆగాయి.

మొన్న మేనల్లుడు మళ్ళీ ఫోను చేశాడు. "మామా, నిన్న గంట మోగింది" అన్నాడు.

"మళ్ళీ పక్కాయనేనా?" అన్నాను కంగారుగా.

"కాదు మామా, నేను పెట్టిన తాలింపు!"